‘నైసు’ అను మాట

నందిగామ పిండిమర యొద్ద గోధుమల డబ్బా దించిన యిల్లాలు “బాబూ, కాస్త నైసుగా పట్టు” అని చెప్పును. జగ్గయ్యపేట బట్టలకొట్టులో గుమాస్తా చీరమడత విప్పి “తడిమి చూడండమ్మా, ఎంత నైసుగా ఉందో” అనును. ఇల్లు కట్టు మేస్త్రి లోగోడల పూతకు నైసు ఇసుకయే కావలెనని పట్టుపట్టును. వీరిలో నొక్కరును తాము ఇంగ్లీషు మాటాడుచున్నామని తలపరు. మెత్తన, నున్నన, సన్నన యను మాటలవలెనే నైసు అనునదియు వారి సొంతసొమ్ము.

అట్లుండగా బడినుండి వచ్చిన బిడ్డ పుస్తకము తెరచి, అదే మాటను ఇంగ్లీషున చదివి, దానికి ‘మంచి’ అని అర్థము చెప్పును. తల్లి “అదేమే, నైసంటే మెత్తన కదా” అనును. బిడ్డ నవ్వును. ఒక్కొక్క యింట తండ్రియు నవ్వును. “అమ్మకు ఇంగ్లీషు రాదు” అను తీర్పు అక్కడికక్కడే వెలువడును. ఇట్టి తీర్పునకు తలవంచి, మఱునాటినుండి బిడ్డల చదువు జోలికి పోవుట మానుకొన్న తల్లులను మేమెఱుగుదుము. ఆ నవ్వు ఎంత నిరాధారమో చూపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. నిజమునకు ఈ మాట పుట్టుపూర్వోత్తరములు తెలిసినచో, ఎవరిని చూచి ఎవరు నవ్వవలెనో తేల్చుట కష్టము.

మొదట ఉచ్చారణము సంగతి. ఇంగ్లీషువారు దీనిని ఎన్, ఐ, సి, ఇ అను నాలుగక్షరములతో వ్రాసి, చివరి అక్షరమును నోట పలుకక, ‘నైస్’ అని ముగింతురు. చివర నున్నది శుద్ధమైన సకారము. బియ్యమునకు వారు చెప్పు ‘రైస్’ లోని ధ్వని యిదియే. లేచుటకు చెప్పు ‘రైజ్’ లోని ధ్వని వేఱు. అది మన జడ, జాలి యను మాటలలోని దంత్యజకారమునకు దగ్గరి చుట్టము. ‘నైస్’ను ‘నైజ్’ అని పలికినచో తప్పు. బిడ్డలకు చెప్పవలసినది ఇంతమాత్రమే.

అయితే వ్రాత యొకటి, పలుకు మఱొకటి ఏల? ఈ మాట ఇంగ్లీషులో ప్రవేశించిన నాడు దానిని ‘నీస్’ అని పలికెడివారు. వ్రాత ఆ పలుకునకు తగినట్లే యుండెను. తరువాత, సుమారు పదునైదవ శతాబ్దము మొదలుకొని రెండు మూడు వందల యేండ్లపాటు, ఇంగ్లీషువారి నోట దీర్ఘములన్నియు స్థానభ్రంశము చెందినవి. ఈకారము మెల్లగా ఐకారమయ్యెను. కాలమునకు చెప్పు ‘టైమ్’ను వారి పూర్వులు ‘టీమ్’ అను ధోరణిని పలికిరి. ‘ఫైవ్’ను ‘ఫీవ్’ వలె పలికిరి. ఇంతలో 1476లో కాక్స్టన్ అనునతడు ఇంగ్లండున అచ్చుయంత్రము నెలకొల్పెను. అచ్చుపడిన వ్రాత క్రమముగా గడ్డకట్టినది. పలుకు మాత్రము ఏరువలె సాగిపోయినది. ఇందుకు వారిని ఎగతాళి చేయుటకు మనకును హక్కు లేదు. మనము ‘జ్ఞానము’ అని వ్రాసి ‘గ్న్యానము’ అని పలుకుచున్నాము.

ఇక తల్లి పలికిన ‘నైసు’లోని చివరి ఉకారము మాట. అది చదువులేమి కాదు, వ్యాకరణము. తెలుగు తన మాటలను హల్లుతో ముగింప నొల్లదు. పరభాషనుండి వచ్చిన మాటకు చివర ఒక ఉకారము తగిలించి, ముందు హ్రస్వమున్నచో హల్లును రెట్టించి, తన యింటి పీట మీద కూర్చుండబెట్టును. బస్సు, పెన్ను, కప్పు అట్లు వచ్చినవే. ముందు దీర్ఘమో ఐత్వమో యున్నచో రెట్టింపదు: కోటు, కేసు, రైలు, నైసు. ఈ సూత్రమును ఏ పండితుడును సభ చేసి నిర్ణయింపలేదు. అక్షరము రాని అవ్వలును పొరపాటు లేక దీనిని పాటించుచున్నారు. ఇంగ్లీషువారును తమ నోటికి తగినట్లు మన మాటలను మార్చుకొన్నారు. మన పందికొక్కు వారి నిఘంటువులలో ‘బాండికూట్’ అయినది. మన ముంగిస మరాఠీదేశము మీదుగా పోయి ‘మంగూస్’ అయినది. పందికొక్కును సరిగా పలుకలేనందులకు ఏ దొరయు సిగ్గుపడినట్లు మేము వినలేదు.

ఫ్రాన్సుదేశమున సముద్రపుటొడ్డున ఇదే నాలుగక్షరములతో వ్రాయు నగర మొకటి కలదు. దానిని నేటికిని ‘నీస్’ అనియే పలుకుదురు. దానికిని ఈ మాటకును చుట్టరికము లేదు. అది గ్రీకుల విజయదేవత పేరునుండి వచ్చినది. మేనకోడలికి ఇంగ్లీషున చెప్పు ‘నీస్’ అను మాటయు వేఱే. అది లాటినులోని ‘నెప్టిస్’ నుండి పుట్టినది. సంస్కృతమున మనుమరాలికి చెప్పు ‘నప్త్రి’ దానికి అక్క వరుస.

ఇప్పుడు పుట్టుక. లాటినుభాషలో ‘నెస్కియస్’ అను మాట యుండెను. అందు ‘నె’ అనగా కాదు, లేదు. మన సంస్కృతములోని ‘న’కారమే. ‘స్కీరె’ అనగా తెలిసికొనుట. రెండును కలిపి, ఏమియు తెలియనివాడు, అజ్ఞుడు అని యర్థము. ఆ స్కీరె నుండియే ‘సైన్సు’ పుట్టినది. కావున సైన్సును నైసును ఒక తల్లి బిడ్డలు. ఒకరికి తెలివి పేరైనది, ఒకరికి తెలివిలేమి పేరైనది. స్కీరె యను ధాతువునకు మూలమున కోయుట, వేఱుచేయుట యను భావముండెనని భాషావేత్తలు తలచుచున్నారు. మన ‘ఛేదము’లోని ధాతువు దానికి దూరపు చుట్టమట. ఈ ఊహ మనకు వింతగా తోపదు. సంస్కృతమున ‘వివేకము’ అను మాటయు వేఱుచేయుట యను ధాతువునుండియే పుట్టినది. చేటలో నూకను, తవుడును, బియ్యమును వేఱుపఱచు చేయి చేయుపనియే బుద్ధి చేయునప్పుడు దానికి వివేకమని పేరు.

లాటినునుండి ఈ మాట ఫ్రెంచివారికి సంక్రమించినది. వారు దానిని వెఱ్ఱిబాగులవానికి వాడిరి. సుమారు 1300 ప్రాంతమున ఇంగ్లీషులో చేరినప్పుడును దాని యర్థము మూఢుడు అనియే. అటుపిమ్మట నాలుగైదు వందల యేండ్లలో అది త్రొక్కిన మెట్లు చూడదగినవి. మొదట తెలివిలేనివాడు. పిదప తెలివిలేక ఒడలెఱుగక మెలగువాడు, అతిగా ముస్తాబగువాడు. ఆ పిదప, తెలియనివాడు బిడియపడును గదా, అందుచే సిగ్గరి. సిగ్గరికి ఏదియు ఒక పట్టాన నచ్చదు. అందుచే ప్రతిదానికి వంకలు పెట్టువాడు. వంకలు పెట్టుటకు సన్నని చూపు కావలెను. అందుచే సూక్ష్మము, నిశితము. సూక్ష్మమైనది సున్నితము, సున్నితమైనది సొగసు. పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునకు అది ‘బాగున్నది, మంచిది, ఇంపైనది’ అను నేటి యర్థమునకు చేరుకొన్నది. ఈ మెట్లలో ఒక్కొక్కటి చిన్నదే. క్రింది మెట్టు మీద నిలిచి పైమెట్టును చూచినప్పుడు మాత్రమే కన్నులు తిరుగును.

ఇంగ్లీషు వారిలో మొట్టమొదట ఈ మాట మీద చక్కగా నవ్విన వారిలో ఒక స్త్రీ కలదు. జేన్ ఆస్టెన్ అను నవలాకర్త్రి 1817లో మరణించినది. ఆ సంవత్సరము చివర వెలువడిన ఆమె నవల ‘నార్తాంగర్ ఆబీ’లో ఒక చిన్నది ఒక పుస్తకమును ‘నైస్’ అని మెచ్చుకొనగా, ఆమెతో నున్న యువకుడు ఆ మాటను పట్టుకొని వేళాకోళము చేయును. పూర్వము నేర్పునకు, సున్నితమునకు మాత్రమే చెల్లిన మాట నేడు అన్ని సంగతులకును అన్ని మెప్పులకును ఒక్కటే యయిపోయినదని అతని ఫిర్యాదు. ఆ ఫిర్యాదు నేటికిని తీరలేదు. అయినను పాత యర్థము పూర్తిగా చావలేదు. ఇంగ్లీషు పుస్తకములలో ‘నైస్ డిస్టింక్షన్’ అని కనబడినచో అది మంచి భేదమని కాదు, సూక్ష్మభేదమని. పై తరగతుల బిడ్డలకు ఇది చెప్పియుంచుట మేలు.

అజ్ఞుని పేరు మెప్పుదలగా మాఱుట ఇంగ్లీషువారికే చెల్లిన విచిత్రమని తలపరాదు. మన యింటనే అంతకంటె పాతది కలదు. ‘ముగ్ధ’ అను మాటను తీసికొనుడు. అందలి ధాతువు ‘ముహ్’. అనగా మోహము చెందుట, దిక్కుతోచకుండుట. ఆ ధాతువునకు రెండు రూపములు: ఒకటి మూఢము, రెండవది ముగ్ధము. మూఢుడు మూఢుడుగానే యుండిపోయెను. ముగ్ధము మాత్రము వెఱ్ఱినుండి అమాయకత్వమునకును, అమాయకత్వమునుండి అందమునకును ఎక్కిపోయెను. అలంకారశాస్త్రకర్తలు నాయికలను ముగ్ధ, మధ్య, ప్రౌఢ యని మూడు తెగలుగా విభజించిరి. మనము నేటికిని ‘ముగ్ధమనోహరము’ అనుచున్నాము. లాటిను అజ్ఞుడు ఇంగ్లీషు దేశమున ఐదువందల యేండ్లు తిరిగి చేరుకొన్న చోటికి మన ముగ్ధ ఏనాడో చేరుకొన్నది.

ఎదురుదారిని పోయిన మాటలును ఉన్నవి. ఇంగ్లీషులో ‘సిల్లీ’ అను మాటకు మొదట ధన్యుడు, పుణ్యాత్ముడు అని యర్థము. అది దిగి దిగి నేడు తెలివితక్కువ యయినది. మన ‘అమాయకుడు’ అట్టివాడే. మాయ లేనివాడని కదా యర్థము. “పాపం, అమాయకుడు” అని యిరుగమ్మ యన్నప్పుడు అది పొగడ్తయో జాలియో ఆమె కంఠమును బట్టియే తెలియవలెను.

ఇచ్చట మాకొక సందేహము కలుగుచున్నది. మూఢ, ముగ్ధ యను తోబుట్టువులలో మొదటిది తఱచు పురుషునికి తిట్టుగాను, రెండవది తఱచు స్త్రీకి నగగాను ఏల యయినవి? స్త్రీకి తెలియకుండుటయే అందమని చెప్పు నాగరికతలో అట్టి మాట పొగడ్త యగుట సహజము. ఈ సందేహము మాకు మాత్రమే కలిగినది కాదు. నందిగామ, జగ్గయ్యపేటలకు దాపున మున్నేటి యొడ్డున పెనుగంచిప్రోలు కలదు. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు పోయి వచ్చిన చదువరులు పెక్కుమంది యుందురు. ఆ యూరనే 1874లో భండారు అచ్చమాంబ జన్మించినది. బాల్యముననే పెండ్లియై మధ్యపరగణాలకు పోయిన ఆమెకు బడి యనునది లేదు. తన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా చెంత కూర్చుండి తానును చదువు నేర్చుకొన్నది. తెలుగు, హిందీ, మరాఠీలే గాక మఱికొన్ని భాషలలోను పరిచయము సంపాదించినది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను పేర విద్యావతులు, వీరవనితలు అయిన స్త్రీల చరిత్రములను కూర్చి వెలువరించినది. స్త్రీలు స్వభావముచేతనే అబలలు, బుద్ధిహీనలు అనువారికి సమాధానము చెప్పుటయే ఆ గ్రంథముద్దేశము. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున స్త్రీ సమాజమును స్థాపించినది. 1905లో, ముప్పదియొక్క యేండ్లైనను నిండకమునుపే, కాలధర్మము నొందినది. మఱుసటి యేట ఆమె తమ్ముడు మిత్రులతో కలిసి నెలకొల్పిన గ్రంథమండలికి ‘విజ్ఞానచంద్రికామండలి’ అని పేరు. అక్క బడికి పోకయే భాషలు నేర్చినది. తమ్ముడు గ్రంథమండలి పేరులోనే విజ్ఞానమును నిలిపెను. ఆ యింట ముగ్ధ యను మాట మెప్పుగా చెల్లియుండునని మేము నమ్మజాలము.

తిరిగి నైసు కడకు వత్తము. పరభాషనుండి నామవాచకములు తెచ్చుకొనుట సులువు. వస్తువు వచ్చును, దాని వెంట పేరు వచ్చును. విశేషణము రావలెనన్న అంత సులువు కాదు. మంచి, చెడు, మెత్తన, గఱుకు అను మాటలు ఏ భాషలోనైనను ముందే యుండును. అయినను మన వాడుకలో స్థిరపడిన ఇంగ్లీషు విశేషణములు కొన్ని కలవు. వానిని చూచినచో ఒక్కొక్కటి ఒక్కొక్క కొట్టు గుమ్మము గుండా వచ్చినట్లు తోచును. టైటు, లూజు దర్జీవాని కొట్టునుండి; స్ట్రాంగు, లైటు కాఫీ హోటలునుండి; నైసు పిండిమరనుండియు బట్టలకొట్టునుండియు. వచ్చినవి తెలుగు ‘గా’ను, ‘అయిన’ను తగిలించుకొని మన మాటలయి కూర్చున్నవి. ఇంగ్లీషులోని ‘బాగున్నది’ అను సామాన్యార్థము తెలుగున ‘మెత్తన, నున్నన’ అను ఒక్క పాయకే కుదించుకొన్నది. మా తోచుబాటు చెప్పవలెనన్న, చేతితో తడిమి మెచ్చుకొను సరుకు దగ్గర ‘బాగున్నది’ అన్నను ‘నున్నగా ఉన్నది’ అన్నను ఒకటే. సున్నితము, సూక్ష్మము అను దాని నడిమి యర్థమునకు, ఇంగ్లీషు పాఠములు నేర్చిన దొరబాబుకంటె పిండిమర వాడే దగ్గరగా నున్నాడు.

ఈ సీమకు పరభాషలు క్రొత్త కావు. జగ్గయ్యపేట కొండ చెంత బౌద్ధస్తూపమున ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలనసంవత్సరపు శాసనము ప్రాకృతమున నున్నది. సిద్ధార్థుడను శిల్పి అయిదు ఆయకస్తంభములను సమర్పించినట్లు అందు కలదు. ఆ యూరి పేరును మొదట బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర జగ్గయ్యపేట చేసెను. మచిలీపట్టణపు రేవునుండి బెజవాడ, నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా హైదరాబాదు పోవు బాట నేడు 65వ నెంబరు జాతీయరహదారి. ఈ ఊళ్లు 2022లో కృష్ణాజిల్లా నుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఈ బాటకు ఆ కొనను ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణమున వర్తకమునకు దిగిరి. ఆనాడు వారిలో నొకనిని ‘నైస్’ అని యుంటిమేని అతడు సంతోషించియుండడు. మూఢుడనియో, వంకలమారి యనియో అనుకొని మొగము ముడుచుకొనియుండును.

బాటకు ఈ కొనను, 1948 వరకు, జగ్గయ్యపేట పొలిమేర దాటినచో నిజాము రాజ్యము. అటునుండి వచ్చిన విశేషణములును మన యిండ్ల నున్నవి: తాజా, ఖాళీ, సాఫు, నాజూకు. వీనిలో నాజూకును వేఱుగా చూడవలెను. అది పారసీకము, సున్నితమని యర్థము. ఇంగ్లీషు నైసు నడిమి మెట్టు మీద ఏ యర్థముతో నిలిచినదో ఆ యర్థమే దీనిది. నాజూకు మనిషి యనగా సొగసైనదని కొందఱు, పని చేతగానిదని కొందఱు అందురు. మిరపకళ్లములో ఎండకు నిలిచి కాయ యేరు ఆడుదానిని ఎవ్వరును నాజూకు అనరు, ఆమెయు కోరదు.

తెలుగున నైసు మఱొక దారిని కూడ పట్టినది. నున్ననిది జారును. కావున “పని చెప్పేసరికి నైసుగా జారుకున్నాడు” అందుము. “అత్తగారిని నైసు చేసి గాజులు చేయించుకొన్నది” అందుము. అనగా మెత్తని మాటలతో దువ్వినదని. ఇంగ్లీషున ‘నైస్’ మనిషి యన్న మంచివాడు. తెలుగున నైసుగా మాటాడువాడన్న ఒక కంట కనిపెట్టియుండవలసినవాడు. ఇది పెండ్లిమాటల యొద్ద నిజముగానే చిక్కు తెచ్చును. పట్టణమునుండి సంబంధము తెచ్చిన బంధువు “అబ్బాయి చాలా నైస్ అండీ” అనును. చదువుకొన్న అన్నగారు తల యూపును. పిల్ల నాయనమ్మ మాత్రము చేతిలోని తమలపాకు ఈనె తీయుట ఆపి “నైసు సంగతి సరేనయ్యా, మాట మీద నిలబడే మనిషేనా?” అని యడుగును. ఆమెకు ఇంగ్లీషు రాదని మఱల ఎవరో నవ్వుదురు. సంబంధము తెచ్చినవారు ఇంకను సమాధానము చెప్పవలసియే యున్నది.